మంత్రాలయం రైలు యాత్ర (సర్క్యులర్ జర్నీ టికెట్టు)

మంత్రాలయం రైలు యాత్ర అనగా కర్నూలు జిల్లాలో తుంగభద్రా నది దక్షిణపు ఒడ్డున ఉన్న మంత్రాలయం పుణ్యక్షేత్రమును, దారిలోని ఇతర క్షేత్రములను కలుపుకొని, కుటుంబ సమేతముగా రైలులో చేసే ప్రయాణము. ఇటువంటి ప్రయాణమునకు భారతీయ రైల్వే సర్క్యులర్ జర్నీ టికెట్టు (చుట్టు ప్రయాణపు టికెట్టు) అనే ఒక సదుపాయమును కల్పించుచున్నది. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వత ప్రాంతములలో యాత్రికులు వాడే రైలు పాసులకు మన దేశములో దగ్గరి పోలిక ఇదే. అయితే ఈ రెండింటికీ ముఖ్యమైన తేడాలు కలవు. ఈ టికెట్టు ఛార్జీని తగ్గించును గాని బెర్తును ఇవ్వదు. అందుచేత మంత్రాలయమును చుట్టి వచ్చే ప్రయాణములన్నింటికీ ఇది లాభదాయకము కాదు.

క్షేత్రము, స్టేషను

మంత్రాలయం పూర్వనామము మంచాల. ఇక్కడి గ్రామదేవత మంచాలమ్మ. ద్వైత మతాచార్యుడైన శ్రీ రాఘవేంద్ర స్వామి 1671లో ఇక్కడ సజీవముగా బృందావన ప్రవేశము చేసెనని భక్తుల విశ్వాసము. ఏటా శ్రావణ బహుళ విదియ నాడు మధ్యారాధన, దానికి ముందు వెనుకల రోజులలో పూర్వారాధన, ఉత్తరారాధన జరుగును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల నుండి కూడ భక్తులు వచ్చెదరు. నదికి ఆవలి ఒడ్డు కర్ణాటకలోని రాయచూరు జిల్లా.

మంత్రాలయం గ్రామమునకు రైలు మార్గము లేదు. దగ్గరి స్టేషను సుమారు 15 కి.మీ. దూరములో, తుంగభద్ర అనే గ్రామము వద్ద కలదు. దాని పేరు మంత్రాలయం రోడ్డు. రైల్వే సంకేతము ఎం.ఎ.ఎల్.ఎం. కొత్తగా వచ్చేవారు "రోడ్డు" అన్న మాటను పట్టించుకొనక, రైలు దిగగానే గుడి ఎదురుగా ఉండునని భావించుట సాధారణము. స్టేషను నుండి క్షేత్రమునకు బస్సులు, ఆటోలు, జీపులు నడుచును. రాత్రి వేళ దిగే రైలును ఎంచుకొనునప్పుడు ఈ 15 కి.మీ. ప్రయాణమును కూడ లెక్కలో వేసుకొనవలెను. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబమునకు తెల్లవారుజామున రెండు గంటలకు దిగే రైలు కంటె ఉదయము దిగే రైలు మేలు.

ఈ స్టేషను ముంబై - చెన్నై ప్రధాన మార్గములో, రాయచూరు, ఆదోని స్టేషన్ల మధ్య ఉన్నది. బొంబాయి వైపు నుండి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుండి మద్రాసు రైల్వే వేసుకొంటూ వచ్చిన దారులు 1871లో రాయచూరు వద్ద కలిసినవి. కనుక ఈ మార్గము వయస్సు నూట యాభై ఏళ్ళు దాటినది. ఉత్తరము నుండి వచ్చునప్పుడు వాడి (కర్ణాటక), కృష్ణ (తెలంగాణ), రాయచూరు (కర్ణాటక) స్టేషన్లు దాటి, తుంగభద్ర వంతెన మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెట్టగానే వచ్చేది మంత్రాలయం రోడ్డు. కృష్ణ, తుంగభద్ర నదులను రెండింటినీ ఒకే ప్రయాణములో రైలు కిటికీ నుండి పిల్లలకు చూపవచ్చును.

జిల్లా వాసుల ఇబ్బంది

విచిత్రమేమనగా, జిల్లా కేంద్రమైన కర్నూలు నుండి మంత్రాలయం రోడ్డుకు సూటి రైలు మార్గము లేదు. రోడ్డు మార్గమున ఎమ్మిగనూరు మీదుగా దాదాపు 100 కి.మీ. దూరము మాత్రమే. రైలులో వెళ్ళవలెనన్న కర్నూలు నుండి దక్షిణముగా డోన్, అక్కడి నుండి పడమరగా గుంతకల్లు, అక్కడి నుండి మరల ఉత్తరముగా ఆదోని మీదుగా చేరవలెను. అంటే 200 కి.మీ. పైబడిన ప్రయాణము. కర్నూలు - మంత్రాలయం కొత్త రైలు మార్గము ఈ ప్రాంతము వారి చిరకాలపు కోరిక. ఇంతవరకు నిర్మాణము జరుగలేదు. కనుక కర్నూలు, నంద్యాల వారు ఈ క్షేత్రమునకు ఎక్కువగా బస్సులలోనే వచ్చెదరు. రైలు యాత్ర అన్నది ముఖ్యముగా హైదరాబాదు, బెంగళూరు, కడప, తిరుపతి, చెన్నై, ముంబైల నుండి వచ్చేవారి విషయము.

ఆల్ప్స్ పాసులతో పోలిక

ఐరోపాలో యూరైల్ పాసు 1959లోను, ఇంటర్‌రైల్ పాసు 1972లోను మొదలైనవి. స్విట్జర్లాండులో విదేశీ యాత్రికులకు స్విస్ ట్రావెల్ పాసు కలదు. ఇది 3, 4, 6, 8, 15 రోజులకు లభించును. పాసు ఉన్న తల్లి గాని తండ్రి గాని వెంట ఉన్నచో, 6 నుండి 15 ఏళ్ళ పిల్లలు ఉచితముగా ఇచ్చే ఫ్యామిలీ కార్డుపై ప్రయాణించవచ్చును. ఆ పాసుతో ఎక్కువ రైళ్ళలో ముందుగా రిజర్వేషను లేకుండ ఎక్కవచ్చును, ఎక్కడైనను దిగవచ్చును. దానికీ మినహాయింపులున్నవి. జెర్మాట్ - సెయింట్ మోరిట్జ్ మధ్య నడిచే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు రిజర్వేషనుకు వేరుగా సొమ్ము చెల్లించవలెను. 1912లో ప్రారంభమైన, 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషను వరకు పాసు పూర్తిగా చెల్లదు. పై భాగమునకు రాయితీ మాత్రమే లభించును.

మన దేశములో ఒకప్పుడు విదేశీయులకు, ప్రవాస భారతీయులకు ఇండ్‌రైల్ పాసు అనునది ఉండెడిది. అది రద్దయినది. ఇప్పుడు విదేశముల నుండి వచ్చే తెలుగు కుటుంబములు కూడ ఇక్కడివారి వలెనే టికెట్టు కొనవలెను.

ముఖ్యమైన తేడా ఇది. స్విస్ పాసు రోజులను కొనుట, సర్క్యులర్ టికెట్టు దారిని కొనుట. అక్కడ పాసు చేతిలో ఉన్న తరువాత ఏ ఊరికి ఎప్పుడు పోవలెనో ఆ ఉదయము నిర్ణయించుకొనవచ్చును. ఇక్కడ ఏ స్టేషను తరువాత ఏ స్టేషనో ముందే వ్రాసి ఇవ్వవలెను, ఆ దారి మార్చరాదు. అక్కడ చాలా దారులు గంటకొక రైలు చొప్పున, పగటి పూట, కూర్చొని చేసే ప్రయాణములు. ఇక్కడివి రాత్రి ప్రయాణములు, బెర్తు లేనిదే కుటుంబముతో సాగనివి.

సర్క్యులర్ టికెట్టు నిబంధనలు

ప్రయాణము బయలుదేరిన స్టేషనులోనే ముగియవలెను. మధ్యలో గరిష్ఠముగా ఎనిమిది చోట్ల దిగి ఆగవచ్చును. ఏ తరగతికైనను ఈ టికెట్టు ఇచ్చెదరు. మొత్తము దూరమును సగము చేసి, ఆ సగము దూరమునకు రెండు ఒంటి ప్రయాణముల ఛార్జీని వసూలు చేయుదురు. దూరము పెరిగిన కొలది కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గును గనుక, విడివిడిగా కొన్న టికెట్ల కంటె ఇది చౌక. రిజర్వేషను రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము మాత్రము ప్రతి అంచెకు వేరుగా పడును.

ఇది ఇంటర్నెట్టులో దొరకదు. జోనల్ రైల్వేలు ముందుగా నిర్ణయించిన దారులకైతే వాటినే ఎంచుకొనవచ్చును. సొంత దారి కావలెనన్నచో, బయలుదేరే స్టేషను ఏ డివిజనుకు చెందునో ఆ డివిజను కమర్షియల్ మేనేజరుకు గాని, కొన్ని పెద్ద స్టేషన్ల మేనేజర్లకు గాని ప్రయాణ వివరములను ఇవ్వవలెను. వారు ఛార్జీ లెక్కగట్టి పత్రము నిచ్చెదరు. దానిని బుకింగ్ కార్యాలయములో చూపి టికెట్టు కొని, పిదప రిజర్వేషను కౌంటరులో ఒక్కొక్క అంచెకు బెర్తులు తీసుకొనవలెను. ఈ పనికి ఒకటి రెండు సార్లు స్టేషనుకు తిరుగవలసి యుండును. చిన్న స్టేషన్లలోని సిబ్బందికి ఇటువంటి టికెట్టు ఇచ్చిన అనుభవము తక్కువ గనుక, డివిజను కేంద్రమునకే వెళ్ళుట మంచిది. మంత్రాలయం రోడ్డు, ఆదోని, అనంతపురం, కడప, తిరుపతి స్టేషన్లకు డివిజను కేంద్రము గుంతకల్లు. ఈ డివిజను 1956లో ఏర్పడి, 1977లో దక్షిణ రైల్వే నుండి దక్షిణ మధ్య రైల్వేకు మారినది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోనులో దీనిని చేర్చినారు.

మామూలు టికెట్టుపై మధ్యలో దిగుట

సర్క్యులర్ టికెట్టు జోలికి పోకుండ, ఒంటి ప్రయాణపు టికెట్టుపైననే మంత్రాలయంలో దిగి, దర్శనము చేసుకొని, మరల అదే టికెట్టుపై ముందుకు పోవచ్చునా అని చాలామంది అడుగుదురు. దీనినే బ్రేక్ జర్నీ అందురు. 500 కి.మీ. మించిన టికెట్టుపై ఒకసారి, 1,000 కి.మీ. మించిన దానిపై రెండు సార్లు ఆగవచ్చును. వచ్చిన రోజు, బయలుదేరే రోజు కాక ప్రతిచోట రెండు రోజులు గడువు. అయితే మొదటి 500 కి.మీ. పూర్తి కాకముందు ఆగరాదు. దిగిన స్టేషనులో టికెట్టుపై వ్రాయించుకొనవలెను. రాజధాని, శతాబ్ది వంటి రైళ్ళకు ఇది వర్తించదు.

ఈ 500 కి.మీ. నిబంధనను మంత్రాలయమునకు అన్వయించి చూచినచో ఎవరికి మేలో, ఎవరికి కాదో తేలిపోవును. ముంబై నుండి చెన్నై పోయే కుటుంబము 700 కి.మీ. పైగా ప్రయాణించిన తరువాత మంత్రాలయం రోడ్డు వచ్చును గనుక ఆగవచ్చును. ఢిల్లీ నుండి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు పోయేవారును ఆగవచ్చును. కాని హైదరాబాదు నుండి వాడి, గుంతకల్లు మీదుగా తిరుపతి పోయేవారు ఆగరాదు. వారికి మంత్రాలయం రోడ్డు 330 కి.మీ. చుట్టుపక్కలనే వచ్చును. బెంగళూరు నుండి ముంబై పోయేవారికి కూడ 400 కి.మీ. లోపే వచ్చును గనుక అదే సమస్య. అనగా ఈ సదుపాయము దూరము నుండి వచ్చేవారికే గాని, హైదరాబాదు, బెంగళూరుల నుండి వచ్చే భక్తులకు ఉపయోగపడదు. వారికి మిగిలిన దారి సర్క్యులర్ టికెట్టు, లేదా విడి టికెట్లు.

దారుల ఎంపిక

చుట్టు దారి కుదరవలెనన్న రైలు మార్గముల పటములో వలయము ఉండవలెను. ఈ ప్రాంతములో వలయములను కలిపే ముడి గుంతకల్లు జంక్షను. ఇక్కడి నుండి రాయచూరు, బళ్ళారి, డోన్, గుత్తి, అనంతపురం వైపులకు మార్గములున్నవి. మీటరు గేజి కాలములో హుబ్లీ వైపు, నంద్యాల వైపు పోయేవారు ఇక్కడ సామానుతో సహా దిగి వేరొక బండి ఎక్కవలసి వచ్చెడిది. గేజి మార్పిడులతో ఆ బాధ తొలగినది.

పెద్ద వలయము: సికింద్రాబాదు - వాడి - రాయచూరు - మంత్రాలయం రోడ్డు - గుంతకల్లు - కడప - రేణిగుంట - తిరుపతి - శ్రీకాళహస్తి - గూడూరు - నెల్లూరు - విజయవాడ - వరంగల్ - సికింద్రాబాదు. మొత్తము సుమారు 1,500 కి.మీ. సర్క్యులర్ టికెట్టు లాభము పూర్తిగా కనబడేది ఇటువంటి దారిలోనే. మంత్రాలయం, తిరుపతి, విజయవాడలలో మాత్రమే ఆగినచో విడి టికెట్లు నాలుగు. ఒక్కొక్కటి 330 నుండి 420 కి.మీ. వరకు ఉండును. సర్క్యులర్ టికెట్టులో అవే దూరములు సుమారు 740 కి.మీ. గల రెండు ప్రయాణములుగా లెక్కకు వచ్చును. ఇంకను కడప, శ్రీకాళహస్తి, నెల్లూరులలో కూడ దిగినచో లాభము మరింత పెరుగును. దీనికి కారణము కనీస దూరపు నిబంధన. స్లీపరు తరగతిలో ఎంత తక్కువ దూరము పోయినను 200 కి.మీ. ఛార్జీ, మూడవ ఏసీలో 300 కి.మీ. ఛార్జీ చెల్లించవలెను. మంత్రాలయం రోడ్డు నుండి గుంతకల్లు 100 కి.మీ. లోపే. విడిగా స్లీపరు టికెట్టు కొన్నచో రెట్టింపు దూరమునకు చెల్లించినట్లే.

మధ్య వలయము: హైదరాబాదు - వాడి - మంత్రాలయం రోడ్డు - గుంతకల్లు - డోన్ - కర్నూలు - మహబూబ్‌నగర్ - హైదరాబాదు. వెయ్యి కిలోమీటర్ల లోపు. మంత్రాలయంతో పాటు కర్నూలు నుండి అలంపురం (జోగులాంబ), గుంతకల్లు చెంత కసాపురం నెట్టికంటి ఆంజనేయ స్వామి దర్శనము కూడ కలుపుకొనవచ్చును. నాలుగు రోజుల సెలవులలో ముగించుకొనుటకు ఇది అనువైన దారి. ఛార్జీలో మిగులు స్వల్పము. డివిజను కార్యాలయము చుట్టూ తిరిగే శ్రమకు అది తగునా అన్నది ఎవరికి వారు చూసుకొనవలెను.

చిన్న వలయము: గుంతకల్లు - డోన్ - నంద్యాల - జమ్మలమడుగు - ఎర్రగుంట్ల - తాడిపత్రి - గుత్తి - గుంతకల్లు. నంద్యాల - ఎర్రగుంట్ల మధ్య 123 కి.మీ. కొత్త మార్గము 2016లో ప్రారంభమైన తరువాతనే ఈ వలయము ఏర్పడినది. నంద్యాల నుండి మహానంది, అహోబిలం, జమ్మలమడుగు నుండి గండికోట, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వేంకటరమణ ఆలయములు, గుత్తిలో కోట చూడవచ్చును. రాయలసీమను దగ్గరగా చూడగోరే వారికి ఇంతకంటె మంచి దారి లేదు. కాని ఈ కొత్త మార్గములో తిరిగే బండ్లు బహు తక్కువ. ఒకటి తప్పినచో ఆ రోజు గడిచినట్లే. దూరము తక్కువ గనుక సర్క్యులర్ టికెట్టు అనవసరము. పగటి బండ్లలో జనరల్ టికెట్లు కొనుక్కొని పోవుటయే సులువు. మంత్రాలయం ఈ వలయము మీద లేదు, గుంతకల్లు నుండి విడిగా పోయి రావలెను.

గుంతకల్లు - రేణిగుంట మార్గము మీద మరికొన్ని దర్శనీయ స్థలములు ఉన్నవి. కడపలో దేవుని కడప వేంకటేశ్వర ఆలయము, అమీన్ పీర్ దర్గా, ఆ తరువాత ఒంటిమిట్ట కోదండరామాలయము, నందలూరు సౌమ్యనాథ ఆలయము ముఖ్యమైనవి. నందలూరు ఆవిరి యంత్రముల కాలములో పెద్ద లోకోషెడ్డుతో పేరు పొందిన ఊరు. ఈ చిన్న స్టేషన్లలో ఎక్స్‌ప్రెస్ రైళ్ళు అన్నియు ఆగవు. కడపలో బస చేసి బస్సులో చూచి వచ్చుట మేలు.

బెర్తుల సమస్య

2024 నవంబరు 1 నుండి రిజర్వేషను ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు మాత్రమే మొదలగును. అంతకు ముందు ఇది 120 రోజులు. చుట్టు ప్రయాణములో ప్రతి అంచెకు దాని తేదీని బట్టియే గడువు తెరుచుకొనును. ఎనిమిది రోజుల యాత్ర అయినచో, మొదటి అంచెకు బెర్తులు దొరికిన వారము తరువాత గాని చివరి అంచెకు ప్రయత్నించుటకు వీలు కాదు. అంతలో తిరుగు ప్రయాణము దొరకదేమో అన్న ఆందోళన కుటుంబ యాత్రలలో సహజము. కనుక మొదట ఏ అంచెకు ఎక్కువ గిరాకీ ఉన్నదో చూచి, దానికి అనుగుణముగా తేదీలు నిర్ణయించుకొనవలెను. తిరుపతి అంచె సాధారణముగా అట్టిది. ఆరాధన రోజులలో మంత్రాలయం అంచె కూడ అంతే.

మంత్రాలయం రోడ్డు మార్గమధ్యములోని స్టేషను. రైలు బయలుదేరే స్టేషను నుండి చివరి వరకు పోయేవారికి ఉన్నన్ని బెర్తులు ఇటువంటి స్టేషన్లకు కేటాయించరు. ఇక్కడి నుండి ఎక్కేవారికి తరచు పూల్డ్ కోటా, రిమోట్ లొకేషన్ కోటా నిరీక్షణ జాబితాలు వచ్చును. ఇవి జనరల్ జాబితా కంటె నెమ్మదిగా కదలును. ముందటి పెద్ద స్టేషను నుండి టికెట్టు తీసుకొని, ఎక్కే స్టేషనును మంత్రాలయం రోడ్డుగా మార్చుకొనుట కొందరు పాటించే పద్ధతి. కొంత ఎక్కువ సొమ్ము పడినను, బెర్తు ఖాయమగుటకు అవకాశము ఎక్కువ. 2025 మే నుండి నిరీక్షణ జాబితా టికెట్టుతో రిజర్వేషను పెట్టెలలో ఎక్కుటను రైల్వే కట్టుదిట్టముగా నిషేధించినది గనుక, "ఎలాగో సర్దుకొందుము" అన్న పాత ధీమా ఇప్పుడు పనికిరాదు.

ఒక ఫారముపై ఆరుగురికి మాత్రమే రిజర్వేషను. ఏడెనిమిది మంది ఉన్న కుటుంబములు రెండు ఫారములు నింపవలెను. అప్పుడు ప్రతి ఫారములో కనీసము ఒక్కరైనను పెద్దవారు, బండి వ్యవహారము తెలిసినవారు ఉండునట్లు చూచుకొనవలెను. వేరు పెట్టెలలో పడినచో పిల్లలు ఒకచోట, తల్లిదండ్రులు ఒకచోట కాకుండ ఉండును.

అయిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. 5 నుండి 12 ఏళ్ళ లోపు వారికి బెర్తు వద్దన్నచో సగము ఛార్జీ, బెర్తు కావలెనన్నచో పూర్తి ఛార్జీ. ఈ నియమము 2016 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. వృద్ధులకు ఇచ్చే ఛార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేసినారు. పాత పుస్తకములలో, పాత సమాచారములో సర్క్యులర్ టికెట్టుపై వృద్ధులకు 40, 50 శాతము రాయితీ అని కనిపించును గాని, దానిని నమ్మి లెక్క వేసుకొనరాదు. క్రింది బెర్తు కేటాయింపులో మాత్రము 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు ప్రాధాన్యము ఉన్నది. వయస్సు సరిగా వ్రాయవలెను.

గుంతకల్లులో బండి మారునప్పుడు రెండింటికి మధ్య కనీసము మూడు గంటలు ఉంచుకొనుట క్షేమము. విడి టికెట్లతో పోయేవారు రెండు పీఎన్ఆర్‌లను కలుపుకొను సదుపాయము 2019 ఏప్రిల్ నుండి వచ్చినది. మొదటి బండి ఆలస్యము వలన రెండవది తప్పినచో, ప్రయాణించని భాగమునకు సొమ్ము తిరిగి పొందవచ్చును.

ఎప్పుడు పోవలెను

ఏప్రిల్, మే నెలలలో ఈ ప్రాంతపు ఎండలు తీవ్రము. నదిలో నీరు అడుగంటును. స్నానమునకు అనుకూలమైన కాలము వానల తరువాత, కార్తీక మాసము మొదలు మాఘము వరకు. తుంగభద్ర పుష్కరములు పన్నెండేళ్ళకొకసారి వచ్చును. కడపటివి 2020 నవంబరు 20 నుండి డిసెంబరు 1 వరకు జరిగినవి. 2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్రకు వచ్చిన వరదలో మంత్రాలయం మునిగి, మఠములోనికి నీరు చేరినది. యాత్రికులు మేడలపై చిక్కుకొనిరి. ఆ నెలలలో బయలుదేరేవారు రైలు సమాచారముతో పాటు ఎగువన హోస్పేట వద్ద ఉన్న తుంగభద్ర జలాశయము నుండి ఎంత నీరు విడుచుచున్నారో కూడ కనుక్కొనుట మంచిది.